మామిడిలో మ లేదు: ఒకటో తరగతిలో ఒక అక్షరం కథ

తణుకు దగ్గర ఒక ఊళ్ళో మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. అక్కడ నేను ఒకటో తరగతికి చెబుతాను. ఈ సంగతి జరిగిన ఏడాది తరగతిలో 17 మంది. అందరూ ఐదు నిండి ఆరులో ఉన్నవాళ్ళు. ఎక్కువమంది అంగన్‌వాడీ నుంచి వచ్చారు, నలుగురు కాన్వెంటులో యూకేజీ చదివి వచ్చారు, ఇద్దరు ఎక్కడా కూర్చోకుండా నేరుగా ఇంట్లోంచి వచ్చారు. వీళ్ళకి 'మ' నేర్పిన మూడు వారాల గురించి, ఆ తర్వాత డిసెంబరులో జరిగిన ఒక చిన్న గొడవ గురించి రాస్తున్నాను. ఒక్క అక్షరానికి ఇంత రాయాలా అని మా హెడ్మాస్టరుగారు నవ్వారు. పదహారేళ్ళు పాఠం చెప్పి కూడా ఆ అక్షరాన్ని నేను సరిగ్గా చూడలేదని నాకు అప్పుడే తెలిసింది మరి.

పిల్లల పేర్లు మార్చాను. ఎక్కువగా వచ్చే పేరు చంటి.

మొదటి వారం: ఆటలన్నీ ఆడేశాం

ఆగస్టు మొదట్లో మొదలుపెట్టాను. అప్పటికి పిల్లలకి ర, ట, ల, వ, సున్న వచ్చని నా లెక్క. నిజానికి వ వచ్చో రాదో నేను విడిగా చూడలేదు. అది తర్వాత తెలిసింది.

సోమవారం స్టీలు పళ్ళాల్లో గోదావరి ఇసుక పోసి వేలితో రాయించాను. మంగళవారం గోధుమపిండి ముద్దలిచ్చి అక్షరం చేయించాను. బుధవారం వరండాలో సుద్దముక్కతో గళ్ళు గీసి, ఒక్కో గడిలో ఒక్కో అక్షరం రాసి, 'మ' అనగానే ఆ గడిలోకి గెంతమన్నాను. గురువారం నేనే కట్టిన పాట. శుక్రవారం ఇంటి నుంచి 'మ'తో మొదలయ్యే వస్తువు తెమ్మన్నాను. మల్లెపూలు వచ్చాయి, మజ్జిగ మిరపకాయలు వచ్చాయి, మామిడితాండ్ర ముక్క వచ్చి పది గంటలకల్లా మాయమైంది. ఒక పిల్ల రెండేళ్ళ బుడ్డోణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "వీణ్ణెందుకు తెచ్చావమ్మా?" అంటే, "మా తమ్ముడండి" అంది. మాతోనే కదా మొదలైంది! ఆ రోజు ఆ బుడ్డోడు సాయంత్రం దాకా మా తరగతిలోనే ఉన్నాడు.

వారమంతా గది సందడిగా ఉంది. ఎవరూ ఏడవలేదు, ఎవరూ ఇంటికి పోతామనలేదు. చాలా బాగా చెప్పాననుకున్నాను.

శనివారం ఒక్కొక్కర్నీ పక్కకి పిలిచి, పది చీటీలు ముందు పెట్టాను. ఐదింటి మీద మ, ఐదింటి మీద వ. బొమ్మలు లేవు. ఇదేమిటి, ఇదేమిటి అని అడుగుతూ పోయాను. పదిలో కనీసం ఎనిమిది సరిగ్గా చెప్పినవాళ్ళు 17 మందిలో ఐదుగురు. చంటి 'మ' చీటీని చాలాసేపు చూసి, నమ్మకంగా చెప్పాడు: "ఇది ఇసుకండి."

అంతకన్నా సరైన సమీక్ష నా పాఠానికి ఇంకెవరూ రాయలేరు. వాడికి ఇసుక గుర్తుంది.

మాంటిస్సోరి పద్ధతిలో కొత్త పేరు నేర్పడానికి మూడు మెట్లుంటాయి. మొదట "ఇది మ" అని చూపిస్తారు. తర్వాత "మ ఏది?" అని అడుగుతారు. చివర్న అక్షరం చూపించి "ఇది ఏమిటి?" అంటారు. మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకి వచ్చి టీచర్లకి శిక్షణ ఇచ్చారు, కాబట్టి ఇది మనకి కొత్త మాటేమీ కాదు. నేనూ ఎప్పుడో శిక్షణలో విన్నదే. కానీ నా వారం మొత్తంలో మూడో మెట్టు ఒక్కసారి కూడా లేదు. అన్ని ఆటల్లోనూ "మ" అనే మాట నేనే ముందు అనేస్తున్నాను. పిల్లలు చెయ్యాల్సింది గెంతడం, పిసకడం, పాడటం.

ఆదివారం కూర్చుని ప్రతి ఆటకీ ఒక్క ప్రశ్న వేసుకున్నాను: అక్షరం వైపు చూడకుండా ఈ ఆట గెలవచ్చా? గెంతుడాటలో గెలవచ్చు. కాన్వెంటు నుంచి వచ్చిన పిల్ల ముందు గెంతుతుంది, మిగతా పదహారుమందీ దాని వెనకే. పాటలో గెలవచ్చు, వరస గుర్తుంటే చాలు. పిండిలో పాము చేసినవాడికీ నేను "భలే" అన్నాను. ఇసుకలో చాలామంది వేళ్ళు నేనే పట్టుకుని తిప్పాను. అక్షరాభ్యాసం రోజు బియ్యంలో అయ్యవారు పట్టి రాయించినట్టే. అక్కడ అది ముచ్చట, ఫోటో దిగితే సరిపోతుంది. తరగతిలో మాత్రం ఎవరి చెయ్యి తిరిగిందో వాళ్ళకే అక్షరం వస్తుంది. ఆ లెక్కన ఆ వారం 'మ' బాగా సాధన చేసింది నేనే.

చిక్కు ఎక్కడుంది

తప్పు చెప్పిన పన్నెండుమందీ ఏమన్నారో కాగితం మీద రాసిపెట్టుకున్నాను. దాదాపు అన్నీ ఒకే తప్పు: మ చూపిస్తే వ, వ చూపిస్తే మ. అంటే వీళ్ళకి 'మ' రాకపోవడం కాదు, వ నుంచి మ విడిపోలేదు. అలాంటప్పుడు ఒంటరిగా 'మ'ని వందసార్లు దిద్దించినా లాభం లేదు. పక్కన వ లేకపోతే తేడా ఎలా కనబడుతుంది?

ఆకారం సంగతి ముందు. వ రాసి, దాని కుడిపక్క నుంచి ఒక తోక పైకి లేపితే మ. అంతే తేడా. పెద్దవాళ్ళ కంటికి ఇవి రెండు అక్షరాలు. ఐదేళ్ళ పిల్లకి ఇది ఒకే బొమ్మ, ఒకదానికి తోక ఉంది. కుర్చీని ఇటు తిప్పినా అటు తిప్పినా కుర్చీయే, కుక్కకి తోక తెగినా కుక్కే. ఇప్పటిదాకా లోకం వాళ్ళకి అలాగే నేర్పింది. ఇవాళ నేనొచ్చి తోక ఉంటే పేరు మారిపోతుందంటున్నాను.

రెండో చిక్కు చార్టులో ఉంది. గోడ మీద 'మ', పక్కన మామిడికాయ బొమ్మ, కింద 'మామిడి' అని. దాన్ని ఎన్నేళ్ళుగానో చూస్తున్నాను. ఆ సోమవారం కర్రతో ఒక్కో అక్షరం చూపిస్తూ వెళ్తే ఆగిపోయాను. మా, మి, డి. మా మీద తలకట్టు లేదు, దాని బదులు దీర్ఘం. మి మీద గుడి. నేను నేర్పుతున్న ఆకారం, తలకట్టుతో ఉన్న మ, ఆ మాటలో ఒక్కచోట కూడా లేదు. గుణింతం రాని పిల్లకి మామిడిలో మ చూపించడమంటే, నిమ్మకాయ చూపించి నిమ్మచెట్టుని గుర్తుపట్టమన్నట్టే.

మూడోది చెవికి సంబంధించినది, ఇది నాకు బాగా నచ్చిన చిక్కు. బొమ్మ చూపించి పేరు చెప్పమని, చప్పట్లు కొడుతూ ముక్కలు చెయ్యమన్నాను. మా, వి, డి. పదిమందికి పైగా అలాగే చెప్పారు. మా ప్రాంతంలో అది మావిడికాయే. మామయ్య మావయ్య. మాటలో రెండు అచ్చుల మధ్య పడ్డ మ మెత్తబడి వ అవుతుంది. తెలుగువాళ్ళ నోట్లో ఇది మామూలే. "ఏమండీ" అని రాస్తాం, "ఏవండీ" అని పిలుస్తాం. అంటే నా చార్టు పిల్లలకి ఒకే మాటలో మ, వ రెండూ వినిపించి, దీన్ని 'మ' అనుకోండి అంటోంది.

ఇది అనుకుంటున్న రోజుల్లోనే చంటి నాయనమ్మ వాణ్ణి తీసుకెళ్ళడానికి వచ్చింది. సంగతి చెబితే కాస్త నొచ్చుకుంది. "మావిడికాయ అనడం తప్పాండీ టీచరుగారూ? మేవంతా అలాగే అంటాం." మేమంతా అనలేదు, మేవంతా అంది. తప్పు కాదమ్మా అన్నాను, నిజంగానే. పిల్లాడి నోటిని సరిచెయ్యడం నా పని కాదు. మ్మని గట్టిగా వినిపించే మాటలు వెతకడం నా పని. మాట మొదట్లో ఉన్న మ ఎవరి నోట్లోనూ వ అవ్వదు. అందుకని చార్టు మీద మామిడికాయని కాగితంతో కప్పేసి మంచం బొమ్మ అతికించాను. మల్లె, మబ్బు, మడత, మంచం. అన్నిట్లోనూ తలకట్టుతో ఉన్న మ మొదటే ఉంది.

రెండో వారం: ముక్కు, అద్దం, తాడు

ముక్కు ఆట నేను ఊహించినదానికన్నా బాగా పండింది. ముక్కు రెండు వేళ్ళతో మూసుకుని "మ్‌మ్‌మ్" అనమంటే గొంతు టక్కున ఆగిపోతుంది. మ పలికేటప్పుడు పెదాలు మూసుకుని ఉంటాయి, గాలి ముక్కులోంచే పోవాలి. వ అలా కాదు. కింది పెదవి పైపళ్ళ దగ్గరికి పోతుంది గానీ దారి మూసుకోదు. ముక్కు మూసినా "వ్‌వ్‌వ్" నడుస్తూనే ఉంటుంది. పిల్లలకి ఇది గారడీలా ఉంది. నేను మాట చెబుతాను, వాళ్ళు ముక్కు మూసుకుని మొదటి ధ్వని సాగదీస్తారు. ఆగితే మ, ఆగకపోతే వ. మంచం, వంకాయ, వడియం, మబ్బు, వల, మట్టి. తీర్పు చెప్పేది నేను కాదు, వాళ్ళ ముక్కే. ఎవరి వెనకా ఎవరూ గెంతే వీలు లేదు.

ఒక పిల్లాడికి ఆ వారం జలుబు. వాడు ముక్కు మూసుకోనక్కర్లేదు, అది ముందే మూసుకుని ఉంది. "అమ్మ" అంటే "అబ్బ" వస్తోంది. తరగతంతా నవ్వు. నాకు మాత్రం తేలిగ్గా ఒక సాక్ష్యం దొరికింది: గాలికి ముక్కుదారి మూస్తే మ కాస్తా బ అవుతుంది. వాడికి నయమైన రోజు మళ్ళీ "అమ్మ" అనిపించి చప్పట్లు కొట్టించాను.

ఈ ఆటతో బాగుపడింది ఇంకొక పిల్ల. బిహార్ నుంచి రైస్ మిల్లు పనికి వచ్చిన కుటుంబం వాళ్ళది, ఇంట్లో తెలుగు లేదు. మల్లె అన్నా మబ్బు అన్నా దానికి ఒకటే. మొదటి వారం అంతా వెనక కూర్చుని నవ్వుతూ ఉండేది. ముక్కు ఆటకి మాట తెలియనక్కర్లేదు కదా. రెండో రోజు దాని మాట ఒకటి అదే ఇచ్చింది, "మచ్ఛలీ" అని. ముక్కు మూసుకుని అందరం సాగదీశాం. ఆగింది. అప్పట్నుంచి మా సంచిలో చేప బొమ్మ కూడా 'మ' వైపే ఉంది.

అద్దం గురించి ఎక్కువ చెప్పను. చిన్న చేతి అద్దాల్లో పెదాలు చూసుకోమన్నాను. ఐదు నిమిషాల్లో జడలు సరిచేసుకోవడం మొదలైంది. మానేశాను.

ఆకారానికి తాడు వాడాను. వరండాలో సుద్దతో రెండు అడుగుల 'వ' గీశాను, తలకట్టుతో సహా. తోక గియ్యలేదు. ఒక మూర కొబ్బరితాడు పక్కన పెట్టాను. ఒకరు కళ్ళు మూసుకుని వెనక్కి తిరిగి నిలబడాలి. ఇంకొకరు తాడుని తోకలా పెట్టొచ్చు, పెట్టకపోవచ్చు, లేదా మోసం చెయ్యడానికి ఎడమవైపు పెట్టొచ్చు. తిరిగి చూసినవాళ్ళు పేరు చెప్పాలి. ఎడమవైపు పెడితే "ఇది ఏమీ కాదు" అనాలి. ఈ మూడో సమాధానం నేను ముందు అనుకున్నది కాదు, పిల్లలు అడిగితే వచ్చింది. "ఇదేంటి టీచర్?" అని నన్నే అడిగితే "ఏమీ కాదమ్మా" అన్నాను, ఇక అదే నియమమైపోయింది. తోక ఉండటమే కాదు, ఎటు ఉందో చూడటం అక్కడ మొదలైంది. అద్దంలో చూసినట్టు తిప్పి రాసే ఇద్దరికి అది అక్కరకొచ్చింది.

తర్వాత ఇదే చింతపిక్కలతో నేల మీద ఆడారు. పలక మీద కూడా, ఒకరు వ రాసివ్వడం, ఇంకొకరు దాన్ని మ చెయ్యడం, మళ్ళీ తోక తుడిచి వ చెయ్యడం. దీనికి పలకని మించింది లేదు. నోటుబుక్కులో రబ్బరు పెట్టి చెరిపితే మచ్చ మిగులుతుంది, పిల్లకి ఆ మచ్చే పెద్ద టెన్షన్. పలక మీద తప్పు బొటనవేలితో పోతుంది. మా చిన్నప్పుడు మార్కాపురం రాతిపలకలు ఉండేవి. ఇప్పుడు ప్లాస్టిక్ పలకలు, పడ్డా పగలవు. ఆ ఒక్క విషయంలో ఇవే నయం.

మూడో వారం: మంట, వంట

సున్న, ట వచ్చినవాళ్ళకి ఇది ఆఖరి ఆట. రెండే మాటలు, అట్టముక్కల మీద. 'మంట' చూపిస్తే వేపచెట్టు దగ్గరికి పరుగెత్తాలి. 'వంట' చూపిస్తే బంతిలో కూర్చుని చేతులు విస్తరిలా పట్టాలి. చదవడం తప్పితే ప్రాణం పోతుంది, లేదా భోజనం పోతుంది.

మొదటి రోజు పాత కథే. ఒకళ్ళు లేస్తే అందరూ లేచారు. కాబట్టి మార్చాను. అట్ట చూపించగానే అందరూ కళ్ళు మూసుకోవాలి. నేను చప్పట్లు కొట్టాక, కళ్ళు మూసుకునే మంట అయితే రెండు చేతులూ పైకి, వంట అయితే దోసిలి. అప్పుడు "తెరవండి" అంటాను, ఆ తర్వాతే పరుగు. దొంగచూపులు ఉంటాయి, ఉండనీ. దొంగచూపు చూసేవాళ్ళెవరో చూస్తే నాకు కావలసిన జాబితా దొరుకుతుంది.

మధ్యాహ్న భోజనం వండే అక్క ఒకరోజు గరిటె పట్టుకుని వచ్చి చూసింది. తనకి చదువు రాదు. మూడోసారి అట్ట ఎత్తేసరికి పిల్లలతో పాటు తనూ కళ్ళు మూసుకుని దోసిలి పట్టింది. సరైందే. తర్వాత వంటగది తలుపు మీద 'వంట' అని పిల్లల చేత రాయించుకుంది. 'మంట' అని రాసి అతికిస్తానని చంటి బెదిరించేవాడు.

మూడో వారం చివర అవే పది చీటీలతో మళ్ళీ విడివిడిగా చూశాను. కనీసం ఎనిమిది సరిగ్గా చెప్పినవాళ్ళు 14 మంది. మిగిలిన ముగ్గురిలో ఒకడు ఆ నెలలో సగం రోజులు బడికే రాలేదు, వాడి గురించి ఏమీ చెప్పలేను. ఇంకొక పిల్ల చీటీలు దగ్గరగా పెడితే సరిగ్గా చెబుతోంది, బల్ల మీద పెడితే తప్పుతోంది. కళ్ళు చూపించమని వాళ్ళమ్మకి చెప్పాను. అద్దాలు వచ్చాయి. ఆ పిల్ల మీద నేను ఎన్ని ఆటలాడినా దండగే అయ్యేది. మూడోవాడు దసరా సెలవుల తర్వాత తనంతట తనే అందుకున్నాడు. ఎందువల్లో నాకు తెలియదు, నా ఖాతాలో వేసుకోను.

ఆ ఐదుగురి గురించి కూడా చెప్పాలి, మొదటి వారమే వచ్చేసినవాళ్ళు. వాళ్ళకి ఏ ఆటైనా ఒకటే, నా పాటతో కూడా వచ్చేది. ఇన్నేళ్ళూ నేను వాళ్ళని చూసే నా ఆటలు పనిచేస్తున్నాయని నమ్మాను.

డిసెంబరు: ఆమ

గుణింతాలు మొదలయ్యాక పలక మీద 'ఆవు' రాయమన్నాను. చంటి 'ఆమ' అని రాసి తెచ్చాడు. నాకు నీరసం వచ్చింది. ఇంత చేసి మళ్ళీ మొదటికి వచ్చామా?

"ఆవు రాయమంటే ఆమ ఏంట్రా నాన్నా?"

"వకి కొమ్మిచ్చానండి."

పలక వైపు మళ్ళీ చూశాను. వాడు నిజంగానే వ రాసి, కొమ్ము ఇచ్చాడు. కకి కొమ్మిస్తే కు, టకి కొమ్మిస్తే టు అని పొద్దున్నుంచీ నేనే వల్లె వేయిస్తున్నాను. వాడు అదే లెక్కన వకి కుడిపక్కన కొమ్ము నిలబెట్టాడు. నిలబెడితే అచ్చం మ అయి కూర్చుంది. మతిమరుపు కాదు, నేను చెప్పిన సూత్రాన్ని తూచా తప్పకుండా పాటించాడు. సూత్రానికే ఇక్కడ మినహాయింపు ఉందని నేను చెప్పలేదు. తెలుగు లిపిలో ప, ఫ, వలకి కొమ్ము అన్నిటిలా పక్కన నిలబడదు, కింద నుంచి చుట్టుకుని పైకి వస్తుంది. అలా రాకపోతే వు, మ ఒకటైపోతాయి. ఈ మూడింటినీ ఇన్నేళ్ళూ "ఇవి ఇంతే, గుర్తుపెట్టుకోండి" అని దాటేశాను.

కొబ్బరితాడు మళ్ళీ బయటికి తీశాం. సుద్దతో వ గీసి, "దీన్ని వు చెయ్యాలి, మ కాకూడదు, తాడు ఎక్కడ పెడతారు?" అన్నాను. తలోరకంగా పెట్టారు. పైన పెట్టారు, ఎడమవైపు పెట్టి "ఏమీ కాదు" అని వాళ్ళే తీసేశారు. చివరికి తాడుని కింద నుంచి తిప్పింది చంటి కాదు, అద్దాల పిల్ల. అప్పుడు గోడ మీది గుణింతాల చార్టు చూపించి, ఇలా కింద నుంచి తిరిగే కొమ్ములు ఇంకెక్కడైనా ఉన్నాయేమో వెతకమన్నాను. పు దొరికింది. ఫు దగ్గర కాసేపు వాదించుకున్నారు.

ఆ మధ్యాహ్నం హెడ్మాస్టరుగారు వచ్చారని హడావిడిగా బోర్డు మీద 'పువ్వు, ఆవు, మడత' అని రాసి చదవమన్నాను. చంటి లేచి రెండో మాట దగ్గర ఆగాడు.

"ఆమ అండి."

"సరిగ్గా చూడరా."

"సరిగ్గానే చూశానండి. మీరే పక్కన పెట్టారు."

దగ్గరికెళ్ళి చూశాను. తొందరలో కొమ్ము పక్కకి లాగేశాను. బొటనవేలితో తుడిచి, కింద నుంచి తిప్పి రాశాను.